శుక్రవారం నాడు విత్తనం అడగడానికి వెళ్ళాం: తిరువూరు సరిహద్దులో ఒక రోజు

విత్తనాలు అడిగి తెచ్చుకోవడానికి తిరువూరు వెళ్తున్నానంటే మా హాస్టల్లో అమ్మాయిలు పడీ పడీ నవ్వారు. "విజయవాడలో విత్తనాల కొట్లు లేవా ఎస్తేరూ?" అని ఒకతె అడిగింది. ఉన్నాయి, కావలసినన్ని ఉన్నాయి. కానీ వెంకటమ్మ పిన్నికి కావలసిన దోస విత్తనం కొట్లో దొరకదు. ఆ మాట చెప్పాలంటే పోయిన వానాకాలం దగ్గర మొదలుపెట్టాలి.

మాదొక చిన్న గుంపు. బోర్డూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. అటు ఖమ్మం జిల్లా కుర్రాళ్ళు కొందరు, ఇటు కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల వాళ్ళం కొందరం, వాట్సాప్‌లో ఒకటయ్యాం. సరిహద్దు ఊళ్ళలో ఏ సాయం కావాలన్నా ఏ రాష్ట్రం అని అడక్కుండా వెళ్ళడమే మా నియమం. పోయిన వానాకాలం వాగు పొంగి కల్లూరు వైపు ఒక చిన్న ఊళ్ళోకి నీళ్ళొచ్చేశాయి. ఇళ్ళలో బురద ఎత్తిపోయడానికి వెళ్ళిన మాకు ఆ నాలుగు రోజులూ అన్నం వండి పెట్టింది వెంకటమ్మ పిన్ని. తన ఇంటి వెనక గోడ కూలిపోయి ఉంది, అయినా మాకు పచ్చడి మెతుకులు తక్కువ కాకుండా చూసింది. ఆవిడకు ఇంటి వెనక అరెకరం ఉంది. భర్త పోయాక ఆ అరెకరంలో కూరగాయలు పండించి కల్లూరు బజారులో అమ్ముకుని బతుకుతోంది. గుండ్రంగా, చిన్నగా, పచ్చగా మెరిసే నాటు దోసకాయలకు ఆవిడ గంప దగ్గర జనం ఆగేవాళ్ళట. ఆ ప్రాంతాల్లో దోస గింజల్ని పేడ, బూడిదలో కలిపి, గోడకు పిడకలా కొట్టి దాచుకుంటారు. "దోస విత్తనం గోడకే ఉండె. గోడ పాయె" అని ఒక్క మాటలో చెప్పింది ఆవిడ.

తర్వాత ఆవిడ మిరపకోతలకు కూలికి వెళ్ళింది. ఎండాకాలంలో ఫోన్ చేసినప్పుడు ఇంకో మాట అంది. "ఈ తొలకరికి కూడా విత్తనం పడకపోతే అరెకరం కౌలుకిచ్చేస్తనమ్మా. అడిగేవాడు అడుగుతనే ఉన్నడు. ఇంక కూలే నాకు." ప్యాకెట్టు విత్తనం కొనిస్తామంటే వద్దంది. కొన్న విత్తనం ఒక్క కాపుకే, మళ్ళీ ఏడు మళ్ళీ కొట్టుకే పోవాలని ఆవిడ బాధ. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఇటువైపు గంపలగూడెం మండలంలో కూడా అలాంటి మెట్ట నేలలే, ఆడవాళ్ళు ఇంకా ఇళ్ళలో విత్తనం దాచుకుంటారని విని, మే నెలలో నేనూ, ఖమ్మంలో ఇంజినీరింగ్ చదివే సందీపూ వినగడప వెళ్ళి నాలుగిళ్ళలో అడిగాం. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. "వాన పడ్డాక రండమ్మా, తీసిపెడతాం" అన్నారు. మృగశిర కార్తె రాగానే మంచి వాన పడింది. గుంపులో ఈ పని చూస్తున్న మేం ఐదుగురం ఫోన్లో మాట్లాడుకుని, శుక్రవారం నేను వెళ్ళి తేవాలని ఖాయం చేశాం.

విజయవాడ బస్టాండులో తెల్లవారాక తొలి ఎక్స్‌ప్రెస్సుల్లో ఒకటి పట్టుకున్నాను. ఆంధ్రా ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టు. మగవాళ్ళకు నూట యాభై లోపే అవుతుంది. ఇబ్రహీంపట్నం దాటాక ట్రాఫిక్కు పలచబడుతుంది, మైలవరం దాటాక గాలి మారుతుంది. మా ఊరు గుడివాడ అవతల, వరి తప్ప ఇంకోటి ఎరగని పల్లం. మాకు గట్లూ కాలువలే గాని గుట్టలు కనపడవు. అందుకని ఏ.కొండూరు దగ్గర నుంచి రోడ్డు పక్కన మామిడి తోటలు, ఎర్రనేలలు, ఆ వెనక గుట్టలు కనబడుతుంటే కిటికీకి అతుక్కుపోయాను. రెడ్డిగూడెం వైపు నుంచి ఆఖరి కోత మామిడికాయల ట్రేలు వేసుకుని వ్యాన్లు ఎదురొచ్చాయి. కూర్చున్న చోటు నుంచే వాసన వచ్చింది. రెండు గంటలకు పైన ప్రయాణం, కుడివైపు సీటు పట్టుకుంటే ఉదయపు ఎండ కొడుతుంది, ఎడమవైపు కూర్చోండి.

తిరువూరు బస్టాండు బయట ఇడ్లీ బండి దగ్గర నాలుగిడ్లీ, అల్లం చట్నీ తిన్నాను. ముప్పై రూపాయలకు కడుపు నిండింది. నిజానికి శుక్రవారం మా అమ్మకు ఉపవాస ప్రార్థన రోజు, నన్నూ ఉండమంటుంది. నేను ప్రయాణాన్ని సాకుగా చూపించి ఎప్పుడూ తప్పించుకుంటాను. ఇడ్లీ తింటుండగానే వెంకటమ్మ పిన్ని ఫోన్. "బయల్దేరినవా అమ్మా? పదును మంచిగున్నది. కానీ ఎండ చూడు ఎట్ల కాస్తున్నదో. ఇయ్యాల సాయంత్రానికి గింజ పడితే పడ్డట్టు. రేపటికి నేల బిగుసుకపోతది." పదును అంటే వాన తర్వాత గింజ మొలవడానికి సరిపడా నేలలో నిలిచే తడి. అది మన కోసం ఆగదు. సాయంత్రానికల్లా తెస్తానని గట్టిగా మాటిచ్చేశాను.

ఎనిమిది దాటాక బాజీ గారు ట్రాలీ ఆటోతో వచ్చాడు. ఆయనది కల్లూరు, వారమంతా సరుకులు తోలుతాడు. శుక్రవారం జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి ఆ రోజు బేరాలు ఒప్పుకోడు. మధ్యాహ్నం వరకూ బండి ఖాళీయే, డీజిలు పోయిస్తే చాలు, కిరాయి వద్దన్నాడు. మేం శుక్రవారం పెట్టుకోవడానికి కారణం ఇదే. ముందు సీట్లో ఆయన పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. తిరువూరు నుంచి గంపలగూడెం వైపు షేర్ ఆటోలు దొరుకుతాయి, నెమలి వేణుగోపాలస్వామి గుడికి వెళ్ళేవాళ్ళతో నిండుగా వెళ్తుంటాయి. మనిషికి ఇరవై, ముప్పై తీసుకుంటారు. వానల రోజుల్లో మాత్రం కట్టలేరు మీద ఏ దారి తెరిచి ఉందో తిరువూరులోనే అడిగి బయల్దేరండి. మేం అడక్కుండా వెళ్ళి కొంతదూరం వెనక్కి తిరగాల్సి వచ్చింది.

వినగడపలో మొదట అనసూయమ్మ గారిల్లు. అరవై దాటిన మనిషి, పొలం పనులన్నీ ఇప్పటికీ ఆవిడ కనుసన్నల్లోనే జరుగుతాయి. మే నెలలో మాకు అందరికంటే ముందు మాటిచ్చింది ఆవిడే. వాకిట్లో నీళ్ళు చల్లి, పసుపు రాసిన గడప మీద ముగ్గు వేసి ఉంది.

"దా అమ్మా, దా. ఎండన పడి వచ్చావు. మజ్జిగ తాగు" అని పెద్ద గ్లాసు చేతికిచ్చింది.

"విత్తనాలు తీసిపెట్టారాండి?" అన్నాను, మూతి తుడుచుకుంటూ.

"తీసిపెట్టకేం. రేపు పొద్దున్నే రా, ఇస్తాను."

"రేపు ఆటో దొరకదండి. ఇవాళే తీసుకెళ్ళాలి."

"అయ్యో. అయితే ఎల్లుండి రామ్మా" అని లోపలికి చూసింది. అది ఇక వెళ్ళిరా అనే చూపు.

రెండో ఇంట్లోనూ అదే మాట. "రేపు రండి." మూడో ఇంట్లో కోడలు దుర్గ తలుపు దగ్గరే నిలబడి, అత్తగారు ఊళ్ళో లేరని, రేపు వస్తారని చెప్పింది. నాలుగో ఇంట్లో మాత్రం గోడ మీద యేసు ప్రభువు క్యాలెండరు ఉంది. ఆ ఇంటావిడ అడిగిందే తడవుగా చిక్కుడు గింజలు సంచిలో పోసి ఇచ్చేసింది. అప్పుడు నా బుద్ధి ఎక్కడికి పోయిందో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. చూశావా, మనవాళ్ళే నయం అనుకున్నాను. మిగతా వాళ్ళు మాటిచ్చి తప్పారంటే కారణం ఒక్కటే తోచింది. విత్తనం వెళ్ళేది అటు తెలంగాణకు అని ఎవరో చెప్పి ఉంటారు, నీళ్ళ గొడవల వార్తలు రోజూ టీవీలో చూస్తూనే ఉన్నారు, మనసు మార్చుకున్నారు అనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. సందీప్‌కి ఫోన్ చేసి అక్కసంతా వెళ్ళగక్కాను.

"పోనీలే. ప్యాకెట్లు కొని తీసుకురా. పిన్నికి నేను నచ్చచెప్తా" అన్నాడు వాడు నీరసంగా.

వెంకటమ్మ పిన్ని ప్యాకెట్టు విత్తనం తీసుకోదని మా ఇద్దరికీ తెలుసు. తీసుకోకపోతే అరెకరం కౌలుకు పోతుందనీ తెలుసు. ఆటో ఎక్కి కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాజీ గారు తాళం తిప్పకుండా నా వైపు చూశాడు.

"ఏంటమ్మా, అంత బాధ దేనికి? ఇవాళ కాకపోతే రేపు ఇస్తారు."

"రేపు ఇచ్చేవాళ్ళు ఇవాళ ఎందుకివ్వరండి?"

"ఇవాళ శుక్రవారం కదమ్మా!" అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "శుక్రవారం నాడు ఇంట్లోంచి విత్తనం బయటికి ఇస్తారా వాళ్ళు? లక్ష్మిని గడప దాటించినట్టు కదా."

నేను నోరు తెరిచాను. "మరి ముందే చెప్పొచ్చు కదండీ!"

"మీరే శుక్రవారం అన్నారు. అడిగే పెట్టుకున్నారనుకున్నా. అయినా నా జుమ్మా కోసం మీరు ఈ రోజు పెట్టారని నేను సంతోషపడుతుంటే, నేనేం చెప్తాను?"

మా ఐదుగురి తెలివి తలుచుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేనేమో క్రిస్టియన్ల ఇంట్లో పెరిగాను, శుక్రవారమంటే నాకు పస్తు. సందీప్‌కి శుక్రవారమంటే కొత్త సినిమా. మిగతా ముగ్గురూ అపార్టుమెంట్లలో పుట్టి పెరిగినవాళ్ళు, వాళ్ళిళ్ళలో శుక్రవారం కూడా ఆన్‌లైన్లో డబ్బులు పోతూనే ఉంటాయి. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న వాళ్ళని కలపాలని బయల్దేరినవాళ్ళం, వారం కూడా అడగలేదు. ఆ ఆడవాళ్ళేమో నాకు తెలుసుననుకుని ఊరుకున్నారు. ఇంటి ముందు ముగ్గు, గడపకు పసుపు నా కళ్ళ ముందే ఉన్నాయి మరి. ఇంతసేపూ వాళ్ళని లోపల ఎన్ని మాటలన్నానో గుర్తొచ్చి ముఖం వేడెక్కింది.

దిగి మళ్ళీ అనసూయమ్మ గారింటికి నడిచాను. ఆవిడ అరుగు మీద కూర్చుని కరివేపాకు దూస్తోంది.

"ఏంటి, అలిగి వెళ్ళావనుకున్నానే" అంది.

"అలిగానండి. నాకు శుక్రవారం సంగతి తెలియదు. తప్పుగా అనుకున్నాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. వెంకటమ్మ పిన్ని గురించీ చెప్పాను. కూలిన గోడ, మిరపకోతలు, కౌలుకు అడుగుతున్నాయన, సాయంత్రానికి ఆరిపోయే పదును, అన్నీ. ఆవిడ కరివేపాకు పక్కన పెట్టేసింది.

"చూడు తల్లీ, శుక్రవారం నేను విత్తనం తీసి ఎవరి చేతిలోనూ పెట్టను. మా అత్తగారు పెట్టలేదు, నేనూ పెట్టను. దానికి నన్నేమీ అనుకోకు" అంది. గొంతు తగ్గించి, "కానీ ఎవరింటి నుంచైనా గిన్నె నిండుగా వస్తే, దాన్ని ఖాళీగా తిప్పి పంపే అలవాటు మా ఇంట్లో ఏ వారమూ లేదు" అంది.

నాకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. మా అమ్మ కూడా అంతే. పక్కింటి వాళ్ళు కూర పంపిన గిన్నెలో కనీసం పంచదారైనా వేయకుండా తిరిగివ్వదు. ఇవ్వకూడదన్న ఆనవాయితీ ఒకటి, ఖాళీగా పంపకూడదన్న ఆనవాయితీ ఇంకొకటి. ఆ రెండింటి మధ్య అనసూయమ్మ గారు నాకు సందు చూపించింది.

"అయితే నేను అరటిపళ్ళు కొనుక్కొస్తానండి!"

"నువ్వెందుకు? ఆ గింజ పెట్టుకునే ఆవిడ లేదా? ఆవిడ్ని రమ్మను. ఎవరింటికి వెళ్తోందో మేమూ చూసుకోవద్దా?"

వెంటనే పిన్నికి ఫోన్ చేశాను. సంగతంతా చివరిదాకా వింది. తర్వాత, "నేను రానమ్మా" అంది. "పరాయి ఊళ్ళో, ముక్కు మొహం తెలియని వాళ్ళ వాకిట్లో చెయ్యి చాపి నిలబడాలా? మీరు తెస్తున్నరంటే ఊకున్న. పదును పోతే పోయింది."

ఇన్నాళ్ళూ ఆవిడ తరఫున మేం అడిగి తేవడమే సాయం అనుకున్నాను. ఆవిడ మాత్రం దాన్ని గొంతులో ముల్లులా మింగుతోందని నాకు తట్టలేదు.

"చెయ్యి చాపి కాదు పిన్నీ. నిండు డబ్బాతో రమ్మంటున్నారు. చుట్టంలాగ" అన్నాను.

"నిండు డబ్బాలో ఏం పెట్టి తేనమ్మా? ఇంట్ల ఏమున్నది?" అంది. ఆ తర్వాత, "నేరేడు చెట్టు కింద మాత్రం రాలి పడున్నయ్, కాళ్ళు పెట్ట సందు లేదు" అంది, తనలో తను అనుకున్నట్టు.

"నేను పోయి తీసుకొస్తా. ఒంటిగంట జుమ్మాకి ముందే తెచ్చి దింపేస్తా" అని బాజీ గారు అప్పుడే బండి తిప్పేశాడు.

వాళ్ళు వచ్చేసరికి పన్నెండు దాటింది. వెంకటమ్మ పిన్నిని చూసి గుర్తుపట్టలేకపోయాను. బురదలోనే తప్ప ఎప్పుడూ చూడని మనిషి, ఇస్త్రీ చీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని దిగింది. చీర అంచు గట్టిగా పట్టుకుని ఉంది, భయపడుతోందని తెలిసిపోతోంది. బండిలో పెద్ద గుడ్డమూట, దాంట్లో చుట్టుపక్కల ఇళ్ళ నుంచి తెచ్చిన స్టీలు డబ్బాలు. ఊళ్ళో గింజలు పోగొట్టుకున్న వాళ్ళందరూ తలా ఒక డబ్బా ఇచ్చి, తలా ఓ చెయ్యి వేసి నేరేడు పళ్ళు ఏరారట. బాజీ గారు మమ్మల్ని దింపి నమాజుకు వెళ్ళిపోయాడు.

అనసూయమ్మ గారు వాకిట్లోకి ఎదురొచ్చింది. "రా వదినా, కాళ్ళు కడుక్కో" అని చెంబుతో నీళ్ళిచ్చింది. వదినా అన్న ఆ పిలుపుతో పిన్ని పట్టుకున్న చీర అంచు వదిలేసింది. లోపలికి వెళ్ళాక రెండు చేతులతో డబ్బా అందించి, "మా చెట్టువి" అంది. అనసూయమ్మ గారు అక్కడే ఒక పండు నోట్లో వేసుకుంది. "ఒగరే లేదే! తీపి!" అని నాలుక నల్లగా చేసుకుని నవ్వింది. పళ్ళు పళ్ళెంలోకి ఒంపి, డబ్బా కడిగి, తుడిచి, దాని మీద చెక్కిన పేరు కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"రాములమ్మ. ఎవరీవిడ?"

"మా పక్కిల్లు. బీరపాదంటే పానం దానికి. పందిరి పోయిందని వారం ఏడ్చింది" అంది పిన్ని.

అనసూయమ్మ గారు తల ఊపి లోపలి గదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి డబ్బా మూత బిగించి ఉంది. "ఖాళీగా పంపలేదు వదినా. ఇంటికెళ్ళి చూసుకో" అని చేతిలో పెట్టింది. విత్తనం అన్న మాట ఆవిడ నోటి నుంచి రాలేదు. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ అంతే జరిగింది. అనసూయమ్మ గారే మా ముందు నడిచింది. మే నెలలో మేం అడగని ఇళ్ళకు కూడా తీసుకెళ్ళింది. ప్రతి ఇంట్లో డబ్బా మీది పేరు చదవడం, ఈవిడెవరు, ఏం వేస్తుంది, పిల్లలెంతమంది అని అడగడం, పిన్ని ఓపిగ్గా చెప్పడం, ఆ మనిషికి తగ్గట్టు డబ్బా నిండడం. అటువైపు ఊళ్ళో ఎవరి పెరట్లో ఏం పెరిగేదో ఆ మధ్యాహ్నానికి వినగడపలో సగం మంది ఆడవాళ్ళకు తెలిసిపోయింది. మధ్యలో అనసూయమ్మ గారింట్లో మామిడికాయ పప్పు, వడియాలు, గడ్డ పెరుగుతో భోజనం. అమ్మ ఉపవాసం గుర్తొచ్చినా రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

కానీ దోస దొరకలేదు. డబ్బాలన్నీ నిండుతున్నాయి, పిన్ని సొంత డబ్బా మాత్రం నేరేడు పళ్ళతో అలాగే ఆవిడ ఒళ్ళో ఉంది. రెండిళ్ళలో దోస ఉంది గాని అది పొడుగు కాయ, చారల రకం. "అది కాదు వదినా, మాది గుండు కాయ" అని మెల్లగా చెప్పి ఊరుకునేది. చివరికి మిగిలింది పొద్దున నన్ను తలుపు దగ్గరే ఆపేసిన దుర్గ ఇల్లు. వంటింటి గోడకు బూడిద రంగు పిడక ఒక్కటే అతికి ఉంది. పిన్ని దాన్ని చూసి అక్కడే నిలబడిపోయింది. దగ్గరికి వెళ్ళి, ముట్టుకోకుండా, పైకి తేలిన గింజల్ని వంగి చూసింది.

"గుండు కాయేనా?" అంది.

"అవునండి, చిన్నగా ఉంటాయి. మా అత్తమ్మవి. మేమూ ఇంకా పెట్టలేదు, ఈ ఒక్కటే మిగిలింది" అంది దుర్గ ఇబ్బందిగా.

పిన్నే ముందుకొచ్చి డబ్బా దుర్గ చేతిలో పెట్టి, "పండ్లు తిను బిడ్డా. డబ్బాకి తొందరేం లేదు, ఎప్పుడన్నా పంపు" అని వెనక్కి తిరిగింది. ఆ అమ్మాయి డబ్బా పట్టుకుని గోడ వైపు చూసింది, అనసూయమ్మ గారి వైపు చూసింది. అనసూయమ్మ గారు సాయం చేయలేదు, ఏమీ ఎరగనట్టు చూరు చూస్తోంది. మేం గడప దాటబోతుంటే దుర్గ పిలిచింది. "ఆగండి పెద్దమ్మా. మీ డబ్బా ఖాళీగా ఉంచుకుంటే మా అత్తమ్మ నన్ను తిడుతుంది." అట్లకాడతో పిడకను గోడ నుంచి ఊడదీసి, రెండుగా విరిచి, పళ్ళు ఒంపేసి పెద్ద ముక్క డబ్బాలో పెట్టింది. చిన్న ముక్క తమకు ఉంచుకుంది. "అత్తమ్మకి నేను చెప్పుకుంటాలే" అంది. నేను ఆ అమ్మాయిని గట్టిగా కౌగలించుకున్నాను. పొద్దున ఆ తలుపు దగ్గర నేను మనసులో అనుకున్నదానికి అది క్షమాపణ కూడా.

బాజీ గారు వచ్చాక మూడింటికి బయల్దేరాం. తెలంగాణకు స్వాగతం అన్న బోర్డు దాటినప్పుడు పిన్ని పట్టించుకోనే లేదు, ఒళ్ళో డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టుకుంటోంది. ఇటు నుంచి బస్సులో వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, సరిహద్దు దాటాక మన ఆధార్‌కు సున్నా టికెట్టు ఉండదు, చిల్లర పెట్టుకోండి. ఊరు చేరేసరికి డబ్బాల వాళ్ళందరూ వాకిట్లో కాచుకుని ఉన్నారు. ఎవరి పేరు డబ్బా వాళ్ళు తీసుకుని మూతలు తెరుస్తుంటే, ఒక్కొక్కరి ముఖం చూడాల్సిందే. రాములమ్మ గారు బీర గింజలు అరచేతిలో పోసుకుని ఏడ్చేసింది.

పిన్ని చీర మార్చుకుని నేరుగా అరెకరంలోకి వెళ్ళింది. నేల చేతికి చల్లగా, మెత్తగా తగిలింది, ఇంకా ఆరలేదు. పిడక ముక్కని నీళ్ళలో నానబెట్టి, గింజలు విడదీసి, ఆవిడ ముందు గుంట తీస్తూ వెళ్తుంటే వెనక నేను గింజలు వేస్తూ వెళ్ళాను. నేను ఎక్కువ వేసినప్పుడల్లా, "నీ గుడివాడ వడ్లనుకున్నవా, చల్లేస్తున్నవ్" అని కోప్పడింది. సగం పైన అయ్యాక గట్టు మీద ఒక మోటారుసైకిల్ ఆగింది. కౌలుకు అడుగుతున్నాయన అతనే. కాసేపు చూశాడు.

"ఏందక్కా, పెట్టేస్తున్నవా?"

"పెట్టేస్తున్న."

"మరి కౌలు మాట?"

పిన్ని నడుం ఎత్తి, మట్టిచేత్తోనే చెమట తుడుచుకుంది. "ఈ ఏడు లేదు తమ్ముడూ. ఇంకెక్కడన్నా అరెకరం ఖాళీగా ఉంటే నాకే చెప్పు, నేనే చేస్త" అంది. అతను నవ్వి బండి తిప్పుకున్నాడు. పిన్ని మళ్ళీ వంగి గుంట తీసింది.

సరిహద్దు ఊళ్ళలో సేవ చేయాలని వెళ్ళే నాలాంటి వాళ్ళకు మనం ఇస్తున్నామన్న భావం ఒకటి మోయడం అలవాటు. ఆ రోజు నేనేం ఇచ్చానా అని లెక్క చూసుకుంటే పెద్దగా ఏమీ కనపడలేదు. బాజీ గారు బండి ఇచ్చాడు, అనసూయమ్మ గారు తన ఆచారం వదులుకోకుండానే దారి చూపించింది, దుర్గ అత్తమ్మ వచ్చేదాకా ఆగకుండా పెద్ద ముక్క ఇచ్చింది, వెంకటమ్మ పిన్ని బెదురు పక్కన పెట్టి చుట్టంలాగా గడప దాటింది. నన్ను వాళ్ళ మధ్య ఉండనిచ్చారు, అన్నం పెట్టారు, తప్పుగా అనుకున్నందుకు ఒక్క మాట అనలేదు. వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను, అది తీర్చాలని కూడా నాకు లేదు. మా గుంపు ఇప్పుడు ఏ ఊరు వెళ్ళాలన్నా రోజు మేం చెప్పం. ఏ రోజు రమ్మంటారని వాళ్ళనే అడుగుతాం.

ఇక వెళ్ళేవాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి. కల్లూరు కూరగాయల బజారులో వెంకటమ్మ పిన్ని నాటు దోసకాయలు కావాలంటే తొమ్మిదింటికల్లా అక్కడ ఉండండి. నేను ఆగస్టులో బస్సు ఆలస్యమై పదింటికి వెళ్ళాను. గంప బోర్లించి, దాని మీద కూర్చుని పిన్ని టీ తాగుతోంది. ఒక్క కాయ లేదు. ఏ ప్రయాణం నుంచీ అంత సంతోషంగా వట్టి చేతులతో తిరిగి రాలేదు నేను.